అచ్చుల దొంగ

పిచ్చుకకు తన తండ్రి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకు చెవులున్నాయి.

చెవులు అందరికీ ఉంటాయి, కాదనడానికి లేదు. కానీ అందరి చెవులూ ఊళ్ళోవాళ్ళ నోళ్ళలో కాపురం పెట్టవు. రేడియోలో ముప్పయ్యేళ్ళు వార్తలు చదివి రిటైరైన ఆ పెద్దమనిషికి ఇంట్లో వంటలో ఉప్పు తగ్గినా తెలిసేది కాదు గానీ, మాటలో ఒక ఉకారం తగ్గితే మాత్రం కంచం ముందు నుంచి లేచేవాడు. "ఇంకోసారి, స్పష్టంగా" అన్నది ఆయన ఊతపదం. ఒకసారి ఎవరో రాంగ్ నంబరు చేశారు. "మీరు అడిగిన మనిషి ఇక్కడ లేరు బాబూ. అయితే ఆ పేరులో రెండో అక్షరం ఒత్తి పలకాలి" అని చెప్పి, రెండుసార్లు పలికించిగానీ ఆ పాపాత్ముణ్ణి వదల్లేదు.

ఆయన భార్యకు వాక్యం చివర ఒక చిన్న సాగదీత ఉంది. "టీ పెట్టాను" అంటే ఆ చివరి 'ను' వంటగదిలోంచి హాలు దాకా నడిచొచ్చి, మెల్లిగా కూర్చుంటుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన దాన్ని తుంచాలని చూస్తూనే ఉన్నాడు.

"చివర సాగదీయకు. కత్తిరించు."

"అలాగేనండీ..." అనేది ఆవిడ, ఇంకో మూరెడు సాగదీసి.

కూతురికి పిచ్చుక అని పేరు పెట్టింది ఆయనే. అక్షరాలు నోరు తిరక్కముందు నుంచే తెగ కిచకిచలాడేదట. ఆ పిచ్చుక చదివి చదివి పళ్ళ డాక్టరైంది. పరాయి నోళ్ళతో వేగడం ఆ ఇంటికి వంశపారంపర్యం.

అలాంటి ఇంటికి ఒక ఆదివారం పొద్దున, జోరున వాన కురుస్తుండగా, ఒకడొచ్చి తలుపు కొట్టాడు.

"తల్పు తీస్తారాండి, తడ్సిపోతున్నా!"

లోపల పేపరు కిందకు దిగింది. "ఎవడది? తలుపులో ఉకారం వీధిలోనే పారేసి వచ్చాడు!"

పిచ్చుక తలుపు తీసింది. ఎదురుగా తల నుంచి కాలి దాకా నీళ్ళోడుతున్న కుర్రాడు. అతని రెయిన్‌కోటు మాత్రం అతని ఒంటిమీద లేదు, చంకలోని బ్యాగుకు బొత్తాలతో సహా తొడిగి ఉంది.

"మీరు తడుస్తూ బ్యాగుకి కోటు తొడిగారేంటి?"

"నేనైతే ఆర్తానండి. లోపల రికార్డరుంది, అది ఆరదు."

మనిషి మాట రైలు మాట. అచ్చులు చిన్న స్టేషన్లు, ఎక్కడా ఆగడు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడట. ఒకే భాషలో శబ్దాలు కాలంతో ఎలా మారతాయి, నోరు ఏం చేస్తుంది, చెవి ఏం సర్దుకుంటుంది అన్నది అతని పని. రేడియోవాళ్ళ పాత టేపుల్లో నాన్నగారి వార్తలు విని, ఇప్పటి గొంతు కూడా రికార్డు చేసుకుందామని వచ్చాడు. తన గొంతు వెతుక్కుంటూ వానలో ఒక మనిషి వచ్చాడంటే ఏ రిటైరైన వార్తలాయన కాదంటాడు? ఉకారం సంగతి అప్పటికి వాయిదా పడింది.

"ఫ్యానాపాలండి. ఆ గడియారం పక్కగదిలో పెట్టాలి. ఆ గుర్రు ఎక్కడ్నుంచి?"

"మా నాన్న కాదు, ఆయన మేలుకునే ఉన్నారు. ఫ్రిజ్," అంది పిచ్చుక.

అతను వెళ్ళి ఫ్రిజ్ స్విచ్ ఆపాడు. ఆపి, జేబులోంచి బైకు తాళంచెవి తీసి, ఫ్రిజ్ తెరిచి, టమాటాల పక్కన పెట్టి మూశాడు.

"అది బయటున్నా పుచ్చిపోదులెండి."

అతను నవ్వాడు. "మా పన్లో ఇదొక అలవాటండి. రికార్డింగ్ కోసం ఫ్రిజ్ ఆపిన వాడు మళ్ళీ వేయడం మర్చిపోయి వెళ్ళిపోతాడు. ఇంటివాళ్ళు తిడతారు. తాళం లోపలుంటే బండి కదల్దు కదా! దానికోసం వచ్చినప్పుడు స్విచ్ గుర్తొస్తుంది."

మనిషి తన మతిమరుపును ఇంత మర్యాదగా ఒప్పుకోవడం పిచ్చుక ఆ ఇంట్లో ఎన్నడూ చూడలేదు. కాస్త ఎక్కువసేపే చూసింది.

రికార్డింగు బాగానే మొదలైంది. బాగా జరుగుతున్న పనిని చెడగొట్టడానికి నాన్నగారు ఉండనే ఉన్నారు.

"బాబూ, నీ పరిశోధన సరే. ముందు నీ నోటికి మరమ్మతు చేయించు. తల్పు ఏమిటి? తలుపు!"

"సార్, మీరు ఇంట్లో కొత్త అంటారా, క్రొత్త అంటారా?"

"కొత్త."

"పూర్వం క్రొత్త అనేవాళ్ళు. ఆ రకారం ఎవరు మింగారు? ప్రొద్దు పొద్దయింది, మ్రొక్కు మొక్కయింది. ఎవరూ దొంగతనం కేసు పెట్టలేదు. నోరు శ్రమ తగ్గించుకుంటుందండి. నేను తల్పు అన్నా మీకు తలుపనే తెల్సింది. పోయిన ఉకారాన్ని మీ చెవే పూరించుకుంది."

"అంటే నువ్వు దొంగిలిస్తే నష్టపరిహారం నా చెవి కట్టాలా?"

వంటగదిలో అమ్మ కిసుక్కున నవ్వింది. రికార్డరులో ఆ నవ్వు కూడా పడింది.

నాన్నగారు వెనక్కి వాలారు. "భాష మారుతుంది, ఒప్పుకుంటాను. గట్టి మనిషి మాట మారదు. పక్కవాళ్ళని బట్టి మారే గొంతు గొంతు కాదు, గోడమీద పిల్లి. మైకు ముందు మొదటిరోజు ఎలా చదివానో చివరిరోజూ అలాగే చదివాను. శ్రోతలు ఉత్తరాలు రాసేవారు, మీరు వాక్యం ముగిస్తే భుజం మీద చెయ్యి వేసినట్టుంటుందని."

కుర్రాడు ఏదో అనబోయాడు. అంతవరకు అచ్చులు మాత్రమే మింగినవాడు ఈసారి మాటంతా మింగేశాడు. "అమ్మగారి గొంతు కూడా రికార్డు చేసుకోవచ్చాండి?" అన్నాడు.

"ఆవిడదెందుకు? సాగదీస్తుంది."

"అందుకే," అన్నాడతను. నాన్నగారు వినలేదు. ఆయన అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు. "ప్రతి ఆదివారం రా. నీ పని నువ్వు చేసుకో. నీ ఉకారాలు నేను రాబడతాను." వెళ్ళేముందు అతను వంటగదిలో అమ్మ మాటలు కూడా రికార్డు చేసుకున్నాడు.

అలా అతనికి ఆ ఇంట్లో రెండు పేర్లు స్థిరపడ్డాయి. అమ్మకు రికార్డరబ్బాయి. నాన్నగారికి అచ్చుల దొంగ.

ఆదివారాలు గడిచాయి. నాన్నగారు 'తలుపు, పలుపు, మలుపు' అని వల్లె వేయించడం, అతను బుద్ధిగా అప్పజెప్పడం, మెట్లు దిగేటప్పుడు పిచ్చుకను చూసి "ఇవాళ్టికి మూడుకారాలు వసూలయ్యాయండి" అని గొణగడం.

"మూడు ఉకారాలు," అని దిద్దేది పిచ్చుక.

"చూశారా, మీరూ మొదల్పెట్టారు!"

"నాది జాలి. మా నాన్నది జబ్బు."

ఒకరోజు అతను రికార్డరుతో క్లినిక్కే వచ్చేశాడు. కట్టుడుపళ్ళు పెట్టించుకున్నవాళ్ళ మాట ఎలా మారుతుందో వినాలట. కుర్చీలో ఉన్న పెద్దాయన కొత్త పళ్ళతో 'స' అన్నప్పుడల్లా కుక్కర్ కూసినట్టు కూస్తున్నాడు.

"సరే సరే అనండి తాతగారూ," అంది పిచ్చుక.

ఈల వచ్చింది. పెద్దాయన బెంగగా చూశాడు. "ఇంట్లో మనవళ్ళు బస్సు వచ్చిందని లేస్తున్నారమ్మా."

"పళ్ళు నేను పెట్టాను. మాట మీ నాలుక పెట్టుకోవాలి. దానికి కొత్త పొరుగొచ్చింది కదా, ఎక్కడ తగలాలో, ఎక్కడ తప్పుకోవాలో అదే నేర్చుకుంటుంది. ఒక వారం ఇవ్వండి."

వారం తర్వాత ఆయన "సరే సరే" అంటే ఈల లేదు. తనకు తెలియకుండానే నాలుక కాస్త వెనక్కి జరిగింది.

"నాలుక్కే ఇంత తెలివుంటే," అన్నాడు అచ్చుల దొంగ హెడ్‌ఫోన్లు తీస్తూ, "మనిషికి కొత్త పొరుగొస్తే?"

"మనిషికి వారం చాలదు," అంది పిచ్చుక, చేతి తొడుగులు లాగేస్తూ.

"నాకు చాలింది."

ఆ మాట విననట్టు ఆమె చేతులు కడుక్కుంది. మామూలుగా కడుక్కునే దానికన్నా చాలాసేపు కడుక్కుంది.

దొంగతనం బయటపడింది మాత్రం భోజనాల దగ్గర.

"గొడుగెక్కడ పెట్టావే?" అని అమ్మ అడిగింది.

"వెతికానమ్మా, కన్పడ్లేదు."

నాన్నగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఇంకోసారి, స్పష్టంగా."

"కన... కనపడలేదు."

"నీ నోట్లో ఎవరో ఉన్నారు."

"దాని నోట్లో ఎవరుంటారండీ... అన్నం ఉంది," అంది అమ్మ.

ఆయన నవ్వలేదు. చాలా నెమ్మదిగా నీళ్ళు తాగారు. పిచ్చుకకు చెంపలు వేడెక్కాయి. తన మనసులో మాట తనకే ఇంకా సరిగా తెలియని వేళ, ముందు తండ్రి చెవికి తెలిసిపోవడం ఎంత ఇరకాటమో, అలాంటి తండ్రి ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

తరువాతి ఆదివారం, ఫ్యాను ఆపి, గడియారం తీసి, ఫ్రిజ్‌లో తాళంచెవి పెట్టాక, నాన్నగారే మొదలుపెట్టారు.

"ఇవాళ ప్రశ్న నాది. మా అమ్మాయంటే నీకు ఇష్టమా?"

అతను రికార్డరు కట్టేశాడు. "ఇష్టమేనండి. పెళ్ళి చేసుకోవాలని ఉంది. మీతో చెప్పడానికే ధైర్యం చాల్లేదు."

"నీకమ్మా?"

పిచ్చుక తలూపింది. ఊపితే చాలదని గుర్తొచ్చి, "అవును నాన్నా," అంది.

ఆయన కేకలు వేస్తారనుకున్నారంతా. వేస్తే బాగుండేది. "దీని గొంతు ఇది పుట్టిన రోజు నుంచీ నాకు తెలుసు," అన్నారు. "జలుబు చేసే ముందురోజే నాకు తెలిసిపోయేది. అలాంటిది ఈ కాసిని రోజుల్లోనే సగం నీ గొంతైపోయింది. మిగతా సగం ఎన్నాళ్ళుంటుంది? మనిషి పక్కన కూర్చుంటేనే ఇలా కరిగిపోతే, కాపురానికొచ్చాక నా పిల్ల నా పిల్లలా మిగులుతుందా? వద్దు బాబూ. ఇక మా ఇంటికి రాకు."

అతను బ్యాగు సర్దుకుని, నమస్కారం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వంటింట్లో అమ్మ కాలు జారబోయింది. నేలంతా నీళ్ళు. ఆపిన ఫ్రిజ్ ఆపినట్టే ఉంది, ఐసంతా కరిగింది, టమాటాల పక్కన బైకు తాళంచెవి. ఆవిడ స్విచ్ వేసి, నేల తుడిచి, తాళంచెవిని మాత్రం ఉన్నచోటే ఉంచి తలుపు మూసింది.

"అదెందుకమ్మా అక్కడ?"

"ఎవరు పెట్టారో వాళ్ళే తీసుకోవాలి. నాకెందుకే... మధ్యలో..."

బైకు కిందే నిలబడిపోయింది. నాన్నగారు రోజూ బాల్కనీలోంచి దాన్ని చూసి మొహం తిప్పుకునేవారు. పక్షి రెట్ట వేస్తే మాత్రం ఒకరోజు ఎవరూ చూడకుండా తుడిచి వచ్చారు.

ఆ వారంలోనే, వాన పడుతుంటే, క్లినిక్ ఎదుటి బస్టాపులో పిచ్చుక అతన్ని పట్టుకుంది. బండి లేని మనిషి బస్సుకోసం నిలబడి ఉన్నాడు, రెయిన్‌కోటు మళ్ళీ బ్యాగుకే ఉంది.

"నిజం చెప్పు. నా మాట మారుతోందని నీకు ముందే తెలుసా?"

"తెల్సు."

"మరి నేనెవర్ని? నీ పరిశోధనా? ఈల వేసే తాతగారి పక్కన ఇంకో కేసునా?"

"నిన్ను కొలవలేదు, ఒట్టు. నన్ను కొలిచా." అతను బ్యాగు విప్పి, ఇయర్‌ఫోన్ ఒకటి ఆమెకిచ్చాడు. "విను. మీ నాన్నగారిని నేనడిగే ప్రశ్నలు ఇవి. మొదటి ఆదివారం."

మొదల్పెడ్దామాండి, అంది చెవిలో గొంతు, దడదడమంటూ.

"ఇది మొన్నటిది."

మొదలుపెడదామా అండీ. అచ్చులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఉకారం దగ్గర ఒక చిన్న నవ్వు.

"నాన్న రాబట్టినట్టున్నారు," అంది పిచ్చుక.

"నేనూ అదే అనుకున్నా. కానీ మీ నాన్నగారి ఉకారం సుత్తితో మేకు కొట్టినట్టుంటుంది. ఇలా సగం నవ్వుతూ పలికేది నువ్వు. ఇష్టమైన మనిషి వైపు నోరు తనకు తెలీకుండానే జరుగుతుంది. పుస్తకాల్లో చదివా, పదిమందికి చెప్పా. నాకే జరుగుతుందని మాత్రం అనుకోలేదు."

బస్సు వచ్చింది. వాళ్ళను చూసి ఆగింది. ఎవరూ ఎక్కకపోతే వెళ్ళిపోయింది.

"అయితే నా సగం నీ దగ్గరుంటే, నీ సగం నా దగ్గరుందన్నమాట," అంది ఆమె.

"ఎవరికీ నష్టం లేదు."

"ఆ ముక్క మా నాన్నకెవరు చెప్తారు?"

అతను తటపటాయించాడు. "ఇంకోటి ఉంది. మీ నాన్నగారి పాత టేపులు. మొదటిరోజే చెప్పబోయి ఆగిపోయా."

ఆమె విన్నది. మొదట ఒకటి, తరువాత ఇంకొకటి. విని, తడిసిన అరచేత్తో నోరు మూసుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తేలలేదు.

"వినిపిస్తే ఆయన ఒప్పుకుంటారేమో," అన్నాడతను.

"వద్దు." పిచ్చుక ఇయర్‌ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. "ఆయన జీవితంలో గర్వంగా దాచుకున్నది ఆ గొంతొక్కటే. దాన్ని ఆయన మీదే సాక్ష్యానికి పిలిచి నేను పెళ్ళి చేసుకోలేను. ఒప్పుకున్నప్పుడే ఒప్పుకుంటారు. ఆగుదాం."

ఆగుదామనుకున్నది వాళ్ళిద్దరే. ఇంకొకావిడ అలా అనుకోలేదు.

ఆదివారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. "నాయనా, నీ తాళంచెవి మా కూరగాయల మధ్య చలికి వణుకుతోంది. వచ్చి తీసుకెళ్ళు. నీ రికార్డరు కూడా తెచ్చుకోమ్మా..."

అతను వచ్చేసరికి ఫ్యాను ఆగి ఉంది, గడియారం పక్కగదిలో ఉంది. నాన్నగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన పక్కనే కూర్చుంది.

"ఆ రోజు నా గొంతు పట్టుకున్నావుగా బాబూ, అది పెట్టు. నా మాట నేనెప్పుడూ వినలేదు."

అతను పెట్టాడు. వంటగది చప్పుళ్ళ మధ్య అమ్మ గొంతు. ప్రతి వాక్యం చివరా ఒక చిన్న వాలు. మాట ఆగిపోకుండా, మెత్తగా దిగి కూర్చుంటోంది.

"విన్నావా సాగదీత!" అన్నారు పేపరు వెనక నుంచి.

"విన్నానండీ... ఇప్పుడు ఈయన వార్తలు పెట్టు బాబూ. ముందు మా పెళ్ళి కాకముందువి."

పిచ్చుక ఉలిక్కిపడింది. "అమ్మా, వద్దు."

"నువ్వూరుకో," అంది అమ్మ. అంత చిన్నగా, అంత గట్టిగా ఆవిడ మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. వాక్యం చివర సాగదీత కూడా లేదు.

టేపు తిరిగింది. ఒక పడుచు గొంతు వార్తలు చదువుతోంది. స్పష్టంగా, పొల్లుపోకుండా, ఒత్తులన్నీ ఒత్తుతూ. ప్రతి వాక్యమూ కత్తెర పెట్టినట్టు తెగిపోతోంది.

"ఎవరండీ ఈ కుర్రాడు? ఎవరిమీదో ఇంత కోపంగా ఉన్నాడు?" అంది అమ్మ.

పేపరు కదల్లేదు.

"పెళ్ళయిన కొన్నేళ్ళ తరువాతది పెట్టు."

అదే గొంతు. అదే స్పష్టత. కానీ వాక్యం చివర అది తెగలేదు. చిన్న వాలు మీదుగా జారి, మెత్తగా దిగి, కూర్చుంది. భుజం మీద ఎవరో చెయ్యి వేసినట్టుంది.

ఎవరూ ఎవరికీ వివరించలేదు. అంత మంచి చెవులున్న మనిషికి వివరించడం ఏమిటి?

పేపరు మెల్లిగా ఒళ్ళోకి దిగింది. "ఇంకోసారి," అన్నారు నాన్నగారు. అతను మళ్ళీ పెట్టాడు. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. తరువాత భార్య వైపు తిరిగారు. ఎన్నాళ్ళుగానో పక్కనే ఉన్న మనిషిని కొత్తగా పరిచయం చేస్తే చూసినట్టు చూశారు.

"నీకు తెలుసా?"

"మొదటి ఏడాదే తెలుసండీ... రేడియోలో మీరు నాలా ఆగుతుంటే వంటింట్లో నేనొక్కదాన్నే నవ్వుకునేదాన్ని."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా. నన్ను కత్తిరించమన్నారు, అంతేగా."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడు. చల్లటి తాళంచెవి అరచేతిలో పెట్టుకుని తిరిగొచ్చి, కుర్రాడికి ఇవ్వబోయి, ఆగి, పిచ్చుక చేతిలో పెట్టారు.

"వచ్చే ఆదివారం మీ పెద్దవాళ్ళని తీసుకురా బాబూ. తలుపు కొట్టేటప్పుడు మాత్రం..." అని ఆగారు. "సరేలే. నువ్వు తల్పన్నా నాకు తలుపనే వినపడుతుంది."

పిచ్చుక గుప్పిట బిగించింది. తాళంచెవి ఐసుముక్కలా ఉంది. అయినా వదలబుద్ధి కాలేదు.

నాన్నగారు మళ్ళీ భార్య పక్కన కూర్చున్నారు. గొంతు సవరించుకున్నారు. వార్తల ముందు సవరించుకునేవారే, అలా.

"నేను పొరబడ్డా..."

"వినపడలేదండీ," అంది ఆవిడ. "ఇంకోసారి, స్పష్టంగా. చివర మింగకండి."

"నేనే పొరబడ్డాను," అన్నారాయన పైకి, ముగ్గురికీ వినపడేలా. ఆ చివరి 'ను' తెగలేదు. మెల్లిగా సాగి, మెత్తగా దిగి, ఆవిడ పక్కన కూర్చుంది.